తండ్రిగా ఇంట్లో ఉండలేకపోయాను, తాతగానైనా దగ్గరగా ఉండాలని ఉంది: ఎలా మెలగాలి, ఏం మిగల్చాలి?

లైన్‌బాక్స్, విజయవాడ

అందరికీ నమస్కారం. నా వయసు 66 ఏళ్లు. 1982లో రైల్వేలో డీజిల్ అసిస్టెంటుగా చేరి, 2019లో లోకో పైలట్‌గా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా విజయవాడ డిపోలోనే గడిచినా, గూడూరు, కాజీపేట, రాజమండ్రి రన్నింగ్ రూముల్లో (బండి సిబ్బంది విశ్రాంతి గదుల్లో) పడుకున్నన్ని రాత్రులు మా ఇంట్లో పడుకోలేదేమో అనిపిస్తుంది. డ్యూటీకి రెండు గంటల ముందు కాల్‌మన్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. అది అర్ధరాత్రి కానివ్వండి, దీపావళి సాయంత్రం కానివ్వండి, అతని పుస్తకంలో సంతకం పెట్టి, డ్యూటీకి వెంట తీసుకెళ్లే పెట్టె, అదే లైన్‌బాక్సు, సర్దుకోవడమే నాకు తెలిసిన పని. పిల్లలు ఎప్పుడు అడుగులు వేశారో, ఎప్పుడు అక్షరాలు దిద్దారో మా ఆవిడ చెబితే విన్నాను తప్ప కళ్లారా చూసింది చాలా తక్కువ. ఇంట్లో ఉన్న పగటివేళ కూడా నాకు నిద్ర కావాలి కనుక పిల్లలిద్దరూ మునివేళ్ల మీద నడిచేవారు.

మా అమ్మాయి, అల్లుడు బదిలీ మీద హైదరాబాదు నుంచి వచ్చి మొన్న జూన్‌లో పటమటలో ఇల్లు తీసుకున్నారు. మనవడికి 7 ఏళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. మనవరాలికి ఇంకా మూడు నిండలేదు. అప్పుడు పోగొట్టుకున్నది ఇప్పుడైనా దక్కుతుందన్న ఆశతో వీలైనప్పుడల్లా సాయంత్రం వెళ్తున్నాను, వెళ్లినప్పుడల్లా ఏదో ఒక బొమ్మ పట్టుకెళ్తున్నాను. వాడు దాన్ని అందుకుని, "థాంక్యూ తాతయ్యా" అని లోపలికి పరుగెత్తుతాడు. నేను సోఫాలో కూర్చుంటాను. "బాగా చదువుకుంటున్నావా" అన్న ఒక్క ప్రశ్న దాటితే వాడితో ఏం మాట్లాడాలో నాకు తోచడం లేదు.

రాయడానికి సంకోచంగా ఉన్నా ఇంకొక విషయం కూడా చెప్పాలి. పోయిన నెల వాడికి సైకిలు నేర్పుతూ సీటు వెనక పట్టుకుని పరుగెడుతున్నాను. మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి కొంతసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. తనకు సైకిలు నేర్పింది వాళ్ల మేనమామ. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

ఇక రెండో ప్రశ్న. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఒక్క రోజు సెలవు దొరికితే ఘాట్‌లో పిండప్రదానానికి కూర్చున్నాను. పురోహితుడు వరుసగా పేర్లు అడిగారు. నాన్నగారు, తాతగారు, ముత్తాతగారు, అమ్మ, నాయనమ్మ, ఇంతవరకు చెప్పగలిగాను. తాతగారి తల్లి పేరు అడిగేసరికి నోరు పెగల్లేదు. మా తాతను కని పెంచిన తల్లి పేరు నాకు తెలియకుండా పోయిందన్న బాధ అప్పటినుంచి ఉంది. 2028లో మళ్లీ పుష్కరాలు వచ్చేలోగా వంశం వివరాలన్నీ కూర్చాలనుకున్నాను. ఇంతలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నడుము పైదాకా నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలోని పెళ్లి ఆల్బం, పిల్లల ఫొటోలు, మా నాన్నగారి ఉత్తరాలు ముద్దయిపోయాయి. అటక మీద ఉండబట్టి నా లైన్‌బాక్సు మాత్రం మిగిలింది. అందులో ఉన్నవి ఒక స్టీలు క్యారేజీ, పాత యూనిఫారం, బండి నడిపిన దూరాన్ని బట్టి ఇచ్చే కిలోమీటరేజీ భత్యం లెక్క సరిచూసుకోవడానికి ఏ తేదీన ఏ బండి నడిపానో రాసుకున్న ముప్పైకి పైగా జేబు డైరీలు. అవి ఇప్పుడు ఎవరికీ పనికిరావు.

సింగ్‌నగర్‌లో ఇల్లు, తెనాలి దగ్గర మా నాన్నగారి ద్వారా వచ్చిన ఎకరం పొలం ఉన్నాయి. అవి ఎలాగూ అమ్మాయికీ అబ్బాయికీ చెందుతాయి. అవి కాక ఈ పిల్లలకు నా తరఫున ఏం మిగల్చాలి, వాళ్ల దగ్గర ఎలా మెలగాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

బ్రాడీపేట టీచర్, గుంటూరు

బాబాయిగారూ, నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మీ మనవడి వయసు పిల్లలతోనే 21 ఏళ్లుగా గడుపుతున్నాను. మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను.

ఏడేళ్ల పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్న అడిగితే "ఆఁ" అన్న జవాబు తప్ప మరేదీ రాదు. మా తరగతిలో కూడా అంతే. అదే పిల్లవాడి చేతికి ఏదైనా పని ఇచ్చి, మనం పక్కన కూర్చుని అదే పని చేస్తూ ఉంటే, అడగకుండానే ఇంటి సంగతులన్నీ చెబుతాడు. మా తాతయ్య ఫిరంగిపురం వైపు మిరప రైతు. ఎండిన కాయను కల్లంలో గుట్ట పోసినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర కాయను, తాలు కాయను వేరు చేయించేవారు. కాయను చెవి దగ్గర పెట్టి ఊపమనేవారు, లోపల గింజ గలగలమంటేనే సరిగ్గా ఆరినట్టు. సాయంత్రానికి నా వేళ్లు మండితే తానే నెయ్యి రాసేవారు. ఆయన నాకు కథలు చెప్పిన గుర్తు లేదు, ఎత్తుకుని ముద్దు చేసిన గుర్తు కూడా లేదు. కానీ ఇప్పటికీ పచ్చడికి మిరపకాయలు తెచ్చుకుంటే ఒకటి తీసి చెవి దగ్గర ఊపి చూస్తాను, అప్పుడు ఆయన నా పక్కనే ఉన్నట్టు ఉంటుంది. మీకు చేతనైన పని ఒకటి ఉంది, ముప్పై ఏడేళ్లు చేశారు. వాడిని అందులోకి తీసుకెళ్లండి. బొమ్మలు మాత్రం ఆపేయండి. రోజూ ఏదో ఒకటి తెచ్చే మనిషి వస్తే పిల్లవాడి చూపు ఆ మనిషి సంచి మీదే ఉంటుంది.

వీలైనప్పుడల్లా కాకుండా, వారానికి మూడు రోజులే అయినా ఫలానా రోజు, ఫలానా వేళ అని పెట్టుకుని వెళ్లండి. ఆ వేళకు వాడు వాకిట్లో ఎదురుచూడటం మొదలుపెట్టాక మాత్రం, ఒంట్లో బాగుండకపోతే తప్ప తప్పకండి.

అసలు సంగతి మీ అమ్మాయిది. ఆమె లోపలికి ఎందుకు వెళ్లిందో నేను చెప్పలేను కానీ, ఆ స్థానంలో ఉన్న ఆడపిల్లలు చాలామంది నాకు తెలుసు. తన బిడ్డకు ఆ ప్రేమ అందుతున్నందుకు సంతోషం, తనకు అందనందుకు దుఃఖం, ఆ రెండూ ఒకేసారి వచ్చేసరికి అక్కడ నిలబడలేకపోతారు. మనవడికి దగ్గర కావాలంటే ముందు మీరు కూతురి దగ్గరికి వెళ్లాలి, బాబాయిగారూ. ఆమెతో మాట్లాడేటప్పుడు "ఉద్యోగం అలాంటిది, నేనేం చేయను" అన్న మాట నాలుక చివరికి వచ్చినా ఆపుకోండి. ఆ విషయం ఆమెకు చిన్నప్పుడే తెలుసు, తెలిసే మునివేళ్ల మీద నడిచింది.

ఎవరికీ పనికిరావన్న ఆ డైరీల గురించి కూడా ఒక మాట. మీరు ఏ తేదీన ఎక్కడ ఉన్నారో వాటిలో ఉంది. అదే తేదీన ఇంట్లో ఏం జరిగిందో పిన్నిగారికి, మీ పిల్లలకు తెలుసు. ఒక పెద్ద నోటుపుస్తకం కొని, ఎడమ పేజీలో డైరీలోని వాక్యం రాయండి, కుడి పేజీ ఖాళీగా ఉంచి వాళ్ల చేతికి ఇవ్వండి. వాళ్లు చెబుతున్నప్పుడు అడ్డు రాకండి, సరిదిద్దకండి. పండుగలు, పుట్టినరోజులు ముందు తీయండి. వరదలో పోయిన ఫొటోల్లో కూడా లేని విషయాలు అందులోకి వస్తాయని నా నమ్మకం.

స్టూడియో, బీసెంట్ రోడ్డు

సార్, ఒకదానికొకటి అంటుకుపోయిన ఫొటోలు ఇంకా పారేయకపోతే దయచేసి పొడిగా ఉన్నవాటిని చేత్తో లాగకండి, బొమ్మ పొర ఊడి వస్తుంది. పాత స్టూడియో ప్రింట్లను మామూలు మంచినీళ్లలో నానబెట్టి, వాటంతట అవి వదిలేదాకా ఆగి, బొమ్మ వైపు తుడవకుండా నీడలో గుడ్డ మీద బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. ఫ్రేము అద్దానికి అంటుకున్నవాటిని అద్దం మీదుగానే స్కాన్ చేయించడం మేలు. పెళ్లి ఫొటోల కాపీలు ఆ రోజుల్లో బంధువులకు పంచేవారు కనుక, రెండు వైపుల మేనత్తలు, మేనమామల ఇళ్లలో తప్పకుండా వెతకండి.

సత్యనారాయణపురం తాతయ్య

తమ్ముడూ, నాకు 70 ఏళ్లు. మా అబ్బాయి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. మనవరాలికి 9 ఏళ్లు. మీ మనవడు ఆటో ఎక్కితే వచ్చేంత దూరంలో ఉన్నాడన్న మాట చదివినప్పుడు మీ అదృష్టానికి నిజంగా సంతోషించాను.

మేము ప్రతి ఆదివారం పొద్దున్న 7 గంటలకు వీడియోలో కలుస్తాం. అక్కడ అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. మొదట్లో మా పరిస్థితి కూడా మీ సోఫా లాంటిదే. "అన్నం తిన్నావా" అని నేను అడిగితే "తిన్నాను" అని ఆ పిల్ల చెప్పడం, ఆ తర్వాత ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చోవడం. ఒక వేసవిలో వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు, మా వరండా గచ్చు మీద సుద్దముక్కతో పులి మేక ఆట గీసి చూపించాను. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు చింతపిక్కలు, మేకలకు శనగలు పెట్టుకున్నాం. వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు అట్ట మీద అదే గీసి ఇచ్చి, గీతలు కలిసే 23 చోట్లకు అంకెలు వేశాను. ఇక్కడ నా దగ్గర ఒక అట్ట, అక్కడ తన దగ్గర ఒక అట్ట. "పదకొండులో మేక" అంటుంది, నేను ఇక్కడ శనగ పెడతాను. ఆట తెలుగు అంకెలతోనే ఆడాలన్నది నేను పెట్టిన ఒకే ఒక నియమం. ఏడాదిన్నరలో నా పులులను కట్టేయడం నేర్చుకుంది, ఇప్పుడు ఓడిపోయేది చాలావరకు నేనే.

టీచరమ్మగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ, ఒక్క దగ్గర నా అనుభవం వేరు. పిల్లలకు కథలు అవసరం లేదనిపించేలా వారు రాశారు. మన గొప్పలు వాళ్లకు అక్కర్లేదన్న మాట నిజమే, మనం భయపడిన సంగతులు మాత్రం చాలా ఇష్టంగా వింటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి నేను బందరులో ఉన్నాను, నాకు 22 ఏళ్లు. గాలికి తలుపు ఊడిపోకుండా ఇంటిల్లిపాదీ వీపులు ఆనించి తెల్లవారేదాకా నిలబడ్డాం. ఒకరోజు మాటల్లో ఇది చెబితే మా మనవరాలు ఆట ఆపేసి, "మర్నాడు ఏం తిన్నారు తాతయ్యా" అని అడిగింది. ఆ ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. తడిసిన బియ్యం ఎండబెట్టుకుని వండుకున్నామని చెప్పాను. మరుసటి వారం తను బడిలో ఎవరితోనో మాట్లాడటానికి భయపడుతున్నానని నాకు చెప్పింది, ఇంకా వాళ్ల అమ్మకు కూడా చెప్పలేదట. మీరు ఇంజను మీద భయపడిన రాత్రి ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీ మనవడికి చెప్పండి.

గవర్నర్‌పేట వకీలు

అయ్యా, పెద్దలు మనసు సంగతి చెప్పారు కనుక నేను కాగితాల సంగతి మాత్రమే చెబుతాను. "ఎలాగూ పిల్లలకే చెందుతాయి" అన్న మాట మీద వదిలేసిన ఆస్తుల వల్ల అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోయిన కుటుంబాలను నా వృత్తిలో చాలా చూశాను.

ఇల్లు మీ స్వార్జితమైతే దాన్ని మీ ఇష్టప్రకారం వీలునామా రాయవచ్చు. మీ సంతకం, మీరు సంతకం పెట్టడం చూసి సంతకం చేసే ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషను చట్టప్రకారం తప్పనిసరి కాదు కానీ, చేయించడమే మంచిది. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకండి. పొలం విషయంలో తొందరపడకండి. అది మీ నాన్నగారికి ఎలా వచ్చిందో పాత దస్తావేజులు చూసిన తర్వాతే అందులో మీరు ఎంతవరకు రాయగలరో తేలుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం సవరించింది, 2005లో దేశమంతటికీ వర్తించేలా సవరణ వచ్చింది. అమ్మాయికి పెళ్లిలో పెట్టాం కదా అన్న లెక్క పనిచేయదు.

ప్రేమకొద్దీ బతికుండగానే ఇల్లు రాసిచ్చేయాలన్న ఆలోచన ఉంటే, మీరూ మీ ఆవిడా జీవించి ఉన్నంతకాలం అందులో ఉండే హక్కును, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. ఆ షరతు ఉండి, దాన్ని పాటించకపోతే, 2007 నాటి వయోవృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయించే వీలుంది. మనవరాలి పేరిట సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలనుకుంటే తల్లి గానీ తండ్రి గానీ తెరవాలి, చట్టపరంగా సంరక్షకులైతే తప్ప తాతలు తెరవడానికి లేదు. డబ్బు అమ్మాయి చేతికి ఇచ్చి తన ద్వారానే కట్టించండి, ఏడాదికి లక్షన్నర పరిమితి.

లైన్‌బాక్స్, విజయవాడ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. జవాబులు ఇచ్చిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వకీలుగారూ, పొలం పాత దస్తావేజు మా తమ్ముడి ఇంట్లో దొరికింది, వచ్చే వారం చూపిస్తాను. స్టూడియో తమ్ముడు చెప్పినట్టు నానబెడితే పదకొండు ఫొటోలు విడివిడిగా వచ్చాయి. మొహాలు చెదిరినా మనుషులను పోల్చుకోవచ్చు.

మంగళ, గురు, శనివారాలు సాయంత్రం 5 గంటలకు అని పెట్టుకున్నాను. మొదటి శనివారం ఖాళీ చేతులతో వెళ్లి వాడిని మా ఇంటికి తీసుకొచ్చి, లైన్‌బాక్సు అటక మీద నుంచి దించి వాడి చేతనే మూత తీయించాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అందులోంచి డీజిలు వాసన వచ్చింది. వాడు ముక్కు మూసుకుని నవ్వి, మళ్లీ తల లోపలికి పెట్టి వాసన చూశాడు. ఆ తర్వాత ప్లాట్‌ఫారం టిక్కెట్టు తీసుకుని స్టేషనుకు వెళ్లాం. ఇంజనులో ఉన్న ఇద్దరూ సిగ్నలు కనబడగానే దాని రంగు పైకి చెప్పుకోవాలని, ఒకరు చెప్పింది రెండోవారు మళ్లీ అనాలని నేర్పాను. ప్లాట్‌ఫారం చివర నిలబడి వాడు చెయ్యెత్తి "ఎల్లో" అంటే నేను "ఎల్లో" అంటాను. ఎల్లో అంటే వెళ్లవచ్చు కానీ వచ్చే సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండాలని చెబితే, అది ఎరుపో కాదో ముందే ఎందుకు చెప్పరని గంటసేపు ప్రశ్నలు వేశాడు. సత్యనారాయణపురం అన్నగారూ, పొగమంచులో సిగ్నలు కనబడక గుండె గొంతులోకి వచ్చిన ఒక జనవరి రాత్రి గురించి కూడా వాడికి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

పోయిన ఆదివారం అమ్మాయి భోజనానికి వచ్చినప్పుడు 1990 డైరీలో తను పుట్టిన తేదీ తీసి చూపించాను. "గూడూరు గూడ్స్. ఒంగోలులో 3 గంటలు డిటెన్షన్." అంటే బండిని అక్కడ మూడు గంటలు ఆపేశారని. అంతే ఉంది. టీచరమ్మా, మీరు ఆపుకోమన్న మాట నిజంగానే నాలుక చివరికి వచ్చింది, ఆపుకున్నాను. ఆ రాత్రి పక్కింటావిడ రిక్షా పిలుచుకొచ్చిన సంగతి, వానలో తాటాకుల గొడుగు పట్టిన సంగతి మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ముప్పై అయిదేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఆవిడ ఒక్కసారి కూడా చెప్పలేదు. అంతా విని మా అమ్మాయి, "ఆ మూడు గంటలూ ఒంగోలులో ఏం చేశావు నాన్నా?" అని అడిగింది. ఇంజను మెట్టు మీద కూర్చుని చద్దన్నం తిన్నానని, నువ్వు పుట్టావన్న కబురు మర్నాడు గూడూరులో కంట్రోలు ఫోనులో తెలిసిందని, అప్పుడు రన్నింగ్ రూములో అందరికీ టీ ఇప్పించానని చెప్పాను. టీ సంగతి తనకు ఇప్పటిదాకా తెలియదట. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా చేతిలోని కలం తీసుకుని, కుడి పేజీ మీద మొదట తన సైకిలు సంగతి రాసింది. "ఐదో తరగతి వేసవి సెలవులు. మావయ్య నేర్పాడు. మోకాలు చీరుకుంది. నాన్న ఊళ్లో లేరు." మనవడు వెంటనే మోకాలి మచ్చ చూపించమని పట్టుబట్టాడు, అది ఇంకా ఉంది. ఎడమ పేజీ నింపడానికి ఆ వేసవి డైరీ వెతికితే, ఆ నెలలో సగం రోజులు కాజీపేట అని ఉంది.

ఫొటోల కోసం తెనాలిలో మా మేనత్త దగ్గరికి వెళ్లినప్పుడు తాతగారి తల్లి పేరు కూడా తెలిసింది. మేనత్తకు 88 ఏళ్లు, ఆలోచించకుండానే చెప్పింది. నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ పేరు మనవడి చేతే రాయించాను. ఒత్తు తప్పు పడితే కొట్టేసి, పక్కన మళ్లీ పెద్ద అక్షరాలతో రాశాడు.